ఆడదా, మగదా, ఇంకా తేలలేదా?

ఇంట్లో గాజుతొట్టి పెట్టుకుని గప్పీ చేపల్నో మాలీ చేపల్నో పెంచేవాళ్లకు మొదటి కాన్పు చూడగానే ఎంత సంతోషమో, ఆ వెంటే అంత తొందర. సెంటీమీటరైనా లేని ఆ పిల్లల్లో ఆడవెన్నో మగవెన్నో వెంటనే తేల్చేయాలి, రెండు తొట్లలోకి విడదీసేయాలి అనిపిస్తుంది. ఆ తొందరలో న్యాయం లేకపోలేదు. ఆడ, మగ కలిసి పెరిగితే కొద్ది నెలల్లోనే తొట్టి చాలదు. నచ్చిన రంగును తరతరాలుగా నిలుపుకోవాలన్నా, అప్పటిదాకా ఏ మగచేపతోనూ కలవని ఆడచేప చేతిలో ఉండాలి. అయితే తొందరపడి చేసే విభజన చాలాసార్లు తప్పుతుంది. ఆడవనుకుని ఒకచోట పెంచినవాటిలో ఒక్కటి మగదని ఆలస్యంగా బయటపడితే చాలు, అప్పటికే ఆ తొట్టిలోని ఆడవన్నీ కడుపుతో ఉంటాయి. అందుకని ఇంట్లో చేపల్ని పిల్లలు పెట్టించేవాళ్లకు రెండు తొట్లు సరిపోవు, మూడు కావాలి. ఒకటి ఆడవాటికి, ఒకటి మగవాటికి, మూడోది ఇంకా తేలనివాటికి. ‘ఇంకా తేలలేదు’ అనే మాటను మనం చేతకానితనం కింద జమకడతాం. నిజానికి చేప శరీరం ఎలా ఎదుగుతుందో తెలిసినవాళ్లు ధైర్యంగా చెప్పే జవాబు అదే.

మన తొందరకు ఒక మూలం కోళ్ల పెంపకంలో ఉంది. హేచరీల్లో నేర్పున్నవాళ్లు ఒక్కరోజు కోడిపిల్లను అరచేతిలో పట్టుకుని, మలద్వారాన్ని కొద్దిగా తెరిచి, లోపలి బుడిపెను చూసి పెట్టో పుంజో చెప్పేస్తారు. జపాన్ పరిశోధకులు గుర్తించిన ఈ పద్ధతి 1930ల నుంచి ప్రపంచమంతా పాకింది. కోడిపిల్లను పుట్టినరోజే తేల్చగలిగినప్పుడు చేపపిల్లను ఎందుకు తేల్చలేం అన్న ఆలోచన రావడం సహజం. కానీ కోడిలో రెండు పనులు గుడ్డులోనే పూర్తయిపోతాయి. లింగం ఖాయమవుతుంది, దాని గుర్తు కూడా శరీరం మీద ఏర్పడుతుంది. చేపల్లో ఈ రెంటికీ మధ్య వారాలు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. కొన్ని జాతుల్లో లింగం ఖాయమై ఉంటుంది గానీ గుర్తు బయటపడదు. ఇంకొన్నింటిలో పిల్ల వయసుకు అసలు ఖాయమే కాదు. ఈ రెండు స్థితులూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెంటిలోనూ మన చేతిలో ఉన్నది ఏ గుర్తూ లేని చిన్న చేపపిల్లే.

చెరువు చేపలు నేర్పే పాఠం

ఈ సంగతిని అర్థం చేసుకోవడానికి మెదక్ జిల్లా పాపన్నపేట లాంటి చోటు బాగా పనికొస్తుంది. ఈ మండలం మంజీరా ఒడ్డున ఉంది. నాగ్సాన్‌పల్లి దగ్గర ఏడుపాయల వనదుర్గమ్మ గుడి, ఆ దగ్గర్లోనే నిజాం కాలంలో 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట, ఊరూరా చెరువులు, కుంటలు. చేపంటే ఇక్కడ ముందుగా గుర్తొచ్చేది బొచ్చె, రవ్వ, కొర్రమట్ట. రాష్ట్ర ప్రభుత్వం 2016-17 నుంచి ఉచితంగా చేపపిల్లల్ని చెరువుల్లో వదిలే పథకం మొదలుపెట్టింది. లారీల్లో వచ్చే ఆ పిల్లల్లో ఆడవెన్ని, మగవెన్ని అని ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం లేదు. బొచ్చె, రవ్వ, మోసు లాంటి మన పెద్ద చేపలు నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు వరద నీరు, ప్రవాహం కావాలి. చెరువులో ఆడ, మగ పక్కపక్కనే పెరిగినా సంతతి పెరగదు కాబట్టే ఏటా మళ్లీ పిల్లల్ని తెచ్చి వదలాల్సి వస్తుంది.

మరి ఆ పిల్లల్ని పుట్టించే హేచరీల్లో ఆడ, మగ తేల్చక తప్పదు కదా? తప్పదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి మన కార్ప్ చేపలకు పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు దేశమంతా జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అప్పటి నుంచి హేచరీల్లో తల్లిచేపల్ని, తండ్రిచేపల్ని ఎంచే పద్ధతి పెద్దగా మారలేదు. మొప్పల వెనకున్న జత రెక్కను వేలితో తడుముతారు. ఈడొచ్చిన మగచేపకు ఆ రెక్క గరుకుగా తగులుతుంది, ఆడచేపకు నున్నగా ఉంటుంది. పొట్టను మెల్లగా నొక్కితే మగదానికి పాలలాంటి ద్రవం వస్తుంది. ఆడదాని పొట్ట ఉబ్బి మెత్తగా, గుడ్లు దిగే ద్వారం గులాబీ రంగు తేలి ఉంటుంది. ఈ గుర్తులన్నీ చేప ఈడుకొచ్చాక, అదీ గుడ్లు పెట్టే కాలంలోనే స్పష్టంగా తెలుస్తాయి. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న హేచరీ మనుషులు కూడా వేలెడంత పిల్లను చూసి ఇది ఆడది, ఇది మగది అని చెప్పరు. వాళ్లకు అవసరం లేక కాదు, ఆ వయసులో చేప ఆ సంగతి చెప్పదని తెలుసు కాబట్టి. తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంపికైన కొర్రమట్టదీ అదే దారి. గుడ్ల కాలం కానప్పుడు పెద్ద చేపల్లో కూడా ఆడ, మగ గుర్తుపట్టడం కష్టం.

గప్పీ విషయంలో పరిస్థితి తిరగబడుతుంది. దానికి వరద అక్కర్లేదు, ప్రవాహం అక్కర్లేదు. బకెట్టులోనైనా పిల్లలు పెడుతుంది, అదీ సుమారు నాలుగు వారాలకోసారి. చెరువు చేపల్లో ఆడ, మగ తేలకపోయినా నష్టం లేదు. ఇంటి చేపల్లో తేలకపోతే నష్టం వెంటనే మొదలవుతుంది. అవసరం ఎక్కువైనంత మాత్రాన చేప తన గుర్తును ముందే చూపించదు. ఇంటి పెంపకందారు చిక్కంతా ఇక్కడే ఉంది.

దాగినది ఒకటి, తేలనిది ఒకటి

గప్పీలో లింగం కడుపులో పడ్డప్పుడే ఖాయమవుతుంది. మనుషుల్లో లాగే ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహానెస్ ష్మిట్ 1920లో గప్పీల రంగుల మీద పరిశోధన ప్రచురించారు. ఆయన చూసిందేమిటంటే, తండ్రి ఒంటి మీది మచ్చ కొడుకులందరికీ వస్తోంది, కూతుళ్లకు మాత్రం రావడం లేదు. 1922లో ఓయివిన్ వింగె దీనికి కారణం చెప్పారు. ఆ రంగు జన్యువు వై క్రోమోజోము మీద ఉంది, అందుకే తండ్రి నుంచి కొడుక్కే చేరుతోంది. అంటే పుట్టిన గప్పీపిల్ల ఒంట్లో అది ఆడో మగో అప్పటికే రాసి ఉంది. బయటికి మాత్రం ఏమీ కనపడదు. తండ్రి రంగులన్నీ కొడుకులో ఉన్నా, అవి తేలాలంటే ఈడు రావాలి.

గప్పీకి దగ్గరి చుట్టమైన ప్లాటీలో లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. దానికి ఎక్స్, వై, డబ్ల్యు అని మూడు రకాల లింగ క్రోమోజోములు. ఎక్స్-ఎక్స్, ఎక్స్-డబ్ల్యు, వై-డబ్ల్యు ఉంటే ఆడవి; ఎక్స్-వై, వై-వై ఉంటే మగవి. అందుకే ఏ జంటను కలిపామన్న దాన్నిబట్టి ఒక కాన్పులో సగం సగం రావచ్చు, మరో కాన్పులో అన్నీ ఒకే రకం రావచ్చు. పది పిల్లలుంటే ఐదు మగవి ఉండాలి కదా అని లెక్కగట్టి విడదీయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక అసలు తేలని చేపలు వేరు. జీబ్రా ఫిష్ మన దేశపు వాగుల చేప. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని తొలిసారి వర్ణించారు. ఇవాళ ప్రపంచమంతా జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఉంది, అక్వేరియం షాపుల్లోనూ దొరుకుతుంది. దీని పిల్లలన్నింటిలో ముందు అండాశయం లాంటి గ్రంథే ఏర్పడుతుంది. కొన్నింటిలో అది అండాశయంగానే ఎదుగుతుంది. మిగతావాటిలో ఆ గుడ్డు కణాలు కరిగిపోయి వృషణం తయారవుతుంది. ఆ మార్పు జరగకముందు పిల్లను కోసి భూతద్దం కింద పెట్టి చూసినా ‘ఇది మగది’ అని చెప్పే అవయవం కనపడదు. కొన్ని చేపల్లో నీటి వేడి కూడా ఈ నిర్ణయంలో పాలు పంచుకుంటుంది. అమెరికా అట్లాంటిక్ తీరపు సిల్వర్‌సైడ్ చేపపిల్లలు చల్లని నీళ్లలో పెరిగితే ఆడవి ఎక్కువవుతాయని కనోవర్, కైనార్డ్ 1981లో చూపించారు. అక్వేరియంలో పెంచే అపిస్టోగ్రామా జాతుల్లో వేడి పెరిగితే మగపిల్లలు ఎక్కువవుతాయని, కొన్నింటిలో నీటి ఆమ్లగుణం కూడా పనిచేస్తుందని 1996లో రోమర్, బైసెన్‌హెర్ట్స్ పరిశోధన తేల్చింది. సముద్రపు క్లౌన్ ఫిష్ మరో అడుగు ముందుంది. ప్రతి పిల్లా మొదట మగ దారిలోనే పెరుగుతుంది. గుంపులోని పెద్ద ఆడచేప చనిపోతే దాని జంట మగచేపే ఆడచేపగా మారుతుంది. ఇన్ని రకాల దారులున్న చోట పుట్టిన వారానికే ఆడ, మగ లెక్క అడగడమంటే చేప ఇంకా తీసుకోని నిర్ణయాన్ని దాని మీద రుద్దడమే.

రంగును కాదు, రెక్కను చూడాలి

గప్పీ, మాలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ లాంటి పిల్లలు పెట్టే చేపల్లో నమ్మదగిన సాక్ష్యం ఒకటుంది. పొట్ట అడుగున, మలద్వారం వెనక ఒంటరిగా ఉండే చిన్న రెక్క అది. పుట్టినప్పుడు అన్ని పిల్లలకూ అది విసనకర్రలా విచ్చుకునే ఉంటుంది. ఆడదానికి చివరిదాకా అలాగే ఉంటుంది. మగపిల్లలో ఈడు దగ్గరపడగానే ఆ రెక్కలోని మూడో ఈనె దళసరెక్కి వెనక్కి సాగుతుంది. నాలుగో ఈనె, ఐదో ఈనె దాంతో కలిసి సాగుతాయి. మిగతా ఈనెలు పొట్టిగానే మిగులుతాయి. విసనకర్ర అంచు ముందు ఒక మూలన కోసుగా తేలుతుంది, తర్వాత మొత్తం సన్నబడుతుంది, చివరికి పొట్టకు ఆనించి ఉంచుకునే చిన్న కడ్డీలా తయారవుతుంది. దాన్నే గొనోపోడియం అంటారు. ఆడచేప శరీరంలోకి వీర్యాన్ని చేర్చే అవయవం అదే కాబట్టి, ఈ గుర్తు సంతానోత్పత్తి పనికే నేరుగా సంబంధించింది. రంగు కేవలం అలంకారం. రెక్క ఆ చేప చేయబోయే పనికి పనిముట్టు.

చూడటానికి ఒక పద్ధతి ఉంది. పిల్లల్ని వలతో ఎత్తి చేతిలో పట్టుకుని చూడకూడదు. గాలిలో రెక్క ఒంటికి అతుక్కుపోయి ఆడదీ మగదానిలాగే కనిపిస్తుంది, పిల్లకూ హాని. పలకలుగా ఉన్న చిన్న గాజు సీసాలో తొట్టి నీళ్లే పోసి, ఒకటి రెండు పిల్లల్ని వదిలి, పక్కనుంచి టార్చి వేసి చూడాలి. చేప తిరిగేటప్పుడు, ఆగి నిలబడేటప్పుడు ఆ రెక్క విచ్చుకుంటుంది. అప్పుడు అంచు గుండ్రంగా ఉందా, కోసుగా సాగిందా అన్నది భూతద్దంతో స్పష్టంగా తెలుస్తుంది. ఫోను కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూసినా సరే. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకుండా, మూడు నాలుగు రోజులకోసారి అదే పిల్లల్ని చూస్తే మార్పు తెలుస్తుంది. ఇక్కడ సాక్ష్యం రెక్క ఆకారం కంటే ఆ ఆకారం మారుతున్న తీరులో ఎక్కువగా ఉంటుంది.

పుస్తకాల్లో ‘నాలుగో వారం నుంచి ఆరో వారం లోపు విడదీయాలి’ అని రాసి ఉంటుంది. హీటరు పెట్టి ఇరవై ఐదు, ఇరవై ఆరు డిగ్రీల దగ్గర నిలిపిన నీటికి ఆ లెక్క వర్తిస్తుంది. తెలంగాణలో చలి ముదిరే చోట్లలో మెదక్ ఒకటి. డిసెంబరు, జనవరి నెలల్లో హీటరు లేని తొట్టిలో పిల్లల ఎదుగుదల మందగిస్తుంది. రెండు నెలలు నిండినా రెక్క కదలకపోవచ్చు. క్యాలెండరు చూసి, వయసు దాటింది, కోసు రాలేదు, కాబట్టి అన్నీ ఆడవే అనుకుంటే మోసపోతాం. ఎండాకాలంలో అదే తొట్టిలో ఎదుగుదల వేగంగా సాగి, మనం చూసేలోపే పని జరిగిపోవచ్చు. అందువల్ల వయసుకన్నా సైజు మంచి కొలమానం, సైజుకన్నా రెక్క మంచి కొలమానం. ఇరుకు తొట్టిలో తిండి చాలక గిడసబారిన పిల్లలు, పెద్ద మగచేపలు వెంటపడి వేధించిన పిల్లలు కూడా ఈడుకు ఆలస్యంగా వస్తాయి.

రంగు చూస్తే సరిపోదా, మగవాటికే కదా రంగులొచ్చేది అని చాలామంది అంటారు. అడవి గప్పీల్లో ఆ మాట నిజమే. ఇప్పుడు షాపుల్లో దొరికేవి అడవి గప్పీలు కావు. తరతరాలుగా ఎంచి పెంచిన రకాల్లో ఆడవాటి తోకకూ రంగుంటుంది. మాలీలో, ప్లాటీలో ఆడ, మగ రెంటికీ ఒకే రంగు, అక్కడ రంగు ఏమీ చెప్పదు. స్వోర్డ్‌టెయిల్‌లో తోక కింది అంచు కత్తిలా సాగడం మగదాని గుర్తు. అయితే ఈ జాతిలో కొన్ని మగవి తొందరగా, చిన్న సైజులోనే ఈడుకొస్తాయి. మరికొన్ని చాలా ఆలస్యంగా, ఆడవాటితో సమానంగా పెరిగాక కత్తి తేలుస్తాయి. ఆడది మగదిగా మారిందన్న కథల్లో చాలావాటికి మూలం ఈ ఆలస్యపు మగచేపలే. కత్తి రాలేదని ఆడవాటిలో కలిపిన చేప నెలల తర్వాత తన అసలు రూపం చూపిస్తుంది. పైగా రంగు ఎక్కడ తేలినా రెక్క సాగడం మొదలయ్యాకే బాగా తేలుతుంది. రంగు కోసం ఎదురుచూసినవాళ్లు సాక్ష్యాన్ని వదిలేసి దాని నీడ కోసం కాచుకున్నట్టే.

ఇంకో అభ్యంతరం బలమైనది. అనుభవమున్న పెంపకందారులు రెండు మూడు వారాల పిల్లల్లోనే పొట్ట వెనక నల్లమచ్చ చూసి ఆడవాటిని తీసేస్తారు కదా? తీసేస్తారు, చాలావరకు సరిగానే తీస్తారు. వాళ్లు ఒకే రకాన్ని ఏళ్ల తరబడి పెంచుతూ, ఆ రకంలో మచ్చ ఎప్పుడు, ఎంత ముదురుగా వస్తుందో చూసి నేర్చుకున్నవాళ్లు. లేతరంగు గప్పీల్లో, ఆల్బినోల్లో ఆ మచ్చ ఎర్రగానో లేతగానో ఉంటుంది. ఒళ్లంతా నల్లగా ఉండే మాలీల్లో కనపడనే కనపడదు. మచ్చ ఉంటే ఆడదయ్యే అవకాశం బాగా ఎక్కువ. మచ్చ లేదు కాబట్టి మగదని మాత్రం చెప్పడానికి లేదు. ఒక గుర్తు కనపడటం సాక్ష్యమైతే, కనపడకపోవడం సాక్ష్యమైపోదు. ఈ తేడాను పాటించడానికే మూడో తొట్టి. మచ్చ తేలినవి ఆడవాటి తొట్టికి, రెక్క కోసుదేరినవి మగవాటి తొట్టికి, రెండూ లేనివి మూడోదానికి.

గుడ్లు పెట్టే చేపల్లో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. నీలి గౌరామిలో మగదాని వీపు రెక్క పొడుగ్గా కోసుగా, ఆడదానిది పొట్టిగా గుండ్రంగా ఉంటుంది, అదీ ఎదిగాకే. ఫైటర్ చేపలో మగవాటి రెక్కలు పొడవు. ఆడదాని పొట్ట కింద గుడ్లు దిగే చోట తెల్లని చుక్క ఉంటుందంటారు గానీ, లేత మగవాటిలోనూ అలాంటి చుక్క కనిపిస్తుంది. గోల్డ్‌ఫిష్‌లో ఈడొచ్చిన మగచేపకు గుడ్ల కాలంలో మొప్ప మూతల మీద, జత రెక్కల ముందంచు మీద తెల్లని గింజల్లాంటివి లేస్తాయి. రవ్వ చేప రెక్కను తడిమినప్పుడు హేచరీ మనిషి వేలికి తగిలే గరుకు కూడా ఇలాంటిదే. ఈ రెండు చేపలూ ఒకే కుటుంబానివి. ఏంజెల్ చేపల్లో గుడ్లు పెట్టేదాకా తేల్చడం దాదాపు అసాధ్యం. అప్పుడు మలద్వారం దగ్గర చిన్న గొట్టం బయటికొస్తుంది. మగదానికి సన్నగా కోసుగా, ఆడదానికి వెడల్పుగా మొద్దుగా. ఇక్కడ జంట కట్టడాన్ని కూడా నమ్మలేం. మగచేప లేని తొట్టిలో రెండు ఆడ ఏంజెళ్లు జతకట్టి, ఒకే ఆకు మీద గుడ్లు పెట్టి, పొదగని ఆ గుడ్లకు కాపలా కాసిన సందర్భాలు పెంపకందారులకు తెలిసినవే. అందుకే ఏంజెళ్లు కొనేవాళ్లకు జంట కావాలని అడగడం మాని ఆరు పిల్లల్ని కొని కలిపి పెంచమని చెబుతారు. తేలనిదాన్ని తేలనట్టే ఒప్పుకున్న సలహా అది.

మందు వేస్తే తేలిపోదా?

మరి మనమే ఎందుకు తేల్చకూడదు అన్న ప్రశ్నకు ఆహార చేపల రంగం ఒక జవాబు చూపిస్తుంది. తిలాపియా కూడా గప్పీలాగే నిలిచిన నీళ్లలో విపరీతంగా పిల్లలు పెడుతుంది, చెరువు నిండా చిన్నచేపలే మిగులుతాయి. దీన్ని ఆపడానికి మొదట్లో వేలెడు పెరిగిన పిల్లల్ని ఒక్కొక్కటిగా తిరగేసి, ద్వారాలు చూసి ఏరేవారు. ఆడదానికి అక్కడ మూడు రంధ్రాలు, మగదానికి రెండు. తర్వాత పుట్టిన కొద్ది రోజుల పిల్లలకు మూడు నాలుగు వారాల పాటు మిథైల్ టెస్టోస్టిరోన్ కలిపిన మేత పెట్టి దాదాపు అన్నింటినీ మగవిగా మార్చే పద్ధతి వచ్చింది. కృష్ణా జిల్లా మానికొండలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ గిఫ్ట్ రకం తిలాపియా మగపిల్లల్ని తయారు చేసింది. అది శిక్షణ పొందినవాళ్లు, మోతాదు కొలిచి, నీటిని అదుపులో ఉంచి చేసే పని. అదే మందు అలంకార చేపల వ్యాపారంలో అడ్డదారిన వాడితే జరిగేది వేరు. ఆడగప్పీలకు కూడా మగరంగులొస్తాయి, అడుగు రెక్క కూడా సాగుతుంది, చాలావాటికి ఆ తర్వాత పిల్లలు పుట్టరు. చేప మీద ఉన్న ఒకే ఒక నమ్మదగిన సాక్ష్యం కూడా అబద్ధమవుతుంది. ఇంటి తొట్టిలో ఆ మందు వేయడం, ఆ నీటిని కాలవలో పారబోయడం రెండూ తప్పే. డీఎన్‌ఏ పరీక్షతో కొన్ని జాతుల్లో చెప్పగలరు గానీ, ఒక్కో పిల్ల రెక్క ముక్క కోసి ప్రయోగశాలకు పంపడం ఇంట్లో సాగే పని కాదు. కొన్ని వారాలు ఆగితే చేప ఉచితంగా చెప్పే సంగతి అది.

తప్పు లెక్కకు మూల్యం ఎవరిది?

ఇంత జాగ్రత్త అవసరమా, నాలుగు గప్పీలు ఎక్కువైతే ఏం పోయింది అనుకునేవాళ్లున్నారు. ఆడగప్పీ ఒక్కసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది. మగది లేకుండానే వరుసగా కాన్పులవుతుంది. ట్రినిడాడ్ గప్పీల మీద 2011లో ప్రచురితమైన ప్రయోగంలో, ఒకే ఒక్క ఆడచేప నుంచి కూడా నిలదొక్కుకోగల సంతతి ఏర్పడుతుందని తేలింది. కాబట్టి ఆడవాటి తొట్టిలో పొరపాటున మిగిలిన ఒక్క మగపిల్ల చేసే నష్టం, దాన్ని తీసేశాక కూడా నెలల పాటు సాగుతుంది. పిల్లలు పెరుగుతాయి, నీరు చెడుతుంది, చివరికి ఎవరో ఒకరు ‘పోనీ, బతకనీ’ అని చెరువులో వదిలేస్తారు. జాలితో చేసే ఆ పనే అన్నిటికన్నా పెద్ద హాని.

దోమపిల్లల్ని తింటాయి కదా, చెరువులో ఉంటే మేలే కదా అన్న వాదన ఉంది. ఆరోగ్య శాఖలు గప్పీల్ని, గాంబూసియాల్ని వాడుతున్న మాట వాస్తవమే. కానీ దోమపిల్లల్ని తినే చిన్నచేపలు మన వాగుల్లో, కుంటల్లో తరతరాలుగా ఉన్నాయి. గప్పీ, గాంబూసియా లాంటి బయటి చేపలు దోమపిల్లలతో ఆగకుండా ఆ స్థానిక చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటాయి, తిండికి పోటీ పడతాయి. ఇంటి తొట్టి నుంచి బయటపడ్డ చేప ఏం చేయగలదో తెలుగునాట ఇప్పటికే చూస్తున్నాం. గాజుకు పట్టిన పాచి తింటుందని అక్వేరియంలో పెంచుకునే సక్కర్ చేప, పెద్దదయ్యాక జనం వదిలేయడంతో జలాశయాలకెక్కి జాలర్ల వలలు చించుతోంది. తూర్పు కనుమల్లోని నీటివనరుల్లో అది ఎంత దూరం పాకిందో తెలుసుకోవడానికి హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏను పరీక్షించే పద్ధతి తయారు చేయాల్సి వచ్చింది. పాపన్నపేటలో ఈ ప్రమాదం ఇంకా దగ్గరిది. సింగూరు దాటి వచ్చే మంజీరా ఘనపూర్ ఆనకట్ట మీదుగా నిజాంసాగర్‌కు, అక్కణ్నుంచి కందకుర్తి దగ్గర గోదావరికి చేరుతుంది. ఇక్కడి ఒక వాగులో వదిలిన కడుపుతో ఉన్న చేప సంతతికి దారి ఎక్కడా మూసి లేదు. బొచ్చె, రవ్వ, కొర్రమట్టల మీద బతికే జాలరి కుటుంబాలకు ఈ దారిలో ప్రతి చెరువూ జీవనాధారమే.

ఇరుకు ఇళ్లలో మూడో తొట్టికి చోటెక్కడిది అన్నది చివరి అభ్యంతరం, అది నిజమైన ఇబ్బంది కూడా. మూడోది ఖరీదైన గాజుతొట్టి కానక్కర్లేదు. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, చిన్న గాలి మోటారు, గుప్పెడు నాచు చాలు. ఖర్చుకన్నా క్రమశిక్షణ ముఖ్యం. ఎందుకంటే తేలనివాటిలో మగవీ ఉంటాయి, అక్కడే ఈడుకొస్తే మళ్లీ మొదటికే వస్తుంది. కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి చూడటం తప్పనిసరి. రెక్క అంచు కోసుదేరడం కనపడ్డ రోజే ఆ పిల్లను మగవాటి తొట్టికి మార్చాలి. రెక్క పూర్తిగా కడ్డీగా మారేదాకా దానికి సంపర్కం సాధ్యం కాదు, మనకు దొరికే వ్యవధి ఆ నడిమి రోజులే. ఆడవాటి తొట్టిని కూడా తేలిపోయిందని వదిలేయకుండా అప్పుడప్పుడు చూస్తుండాలి. అయినా పిల్లలు ఎక్కువైతే తోటి పెంపకందారులకు ఇవ్వవచ్చు, షాపుకు తిరిగి ఇవ్వవచ్చు, పెద్ద చేపలకు మేతగానైనా వాడవచ్చు. చెరువు మాత్రం ఆ జాబితాలో ఉండకూడదు.

చేపపిల్ల ఆడో మగో త్వరగా తెలుసుకోవాలన్న కోరిక మంచిదే, దాన్ని తీర్చే మార్గం కూడా ఉంది. తెలిసేదాకా ఊహించకుండా ఉండాలి, తెలిసిన క్షణం ఆలస్యం చేయకుండా ఉండాలి. మొదటిదానికి ఓపిక, రెండోదానికి శ్రద్ధ కావాలి. రెండు తొట్ల పద్ధతిలో ఈ రెండూ కుదరవు. ప్రతి పిల్లనూ ఏదో ఒక వైపు నెట్టేయక తప్పదు, నెట్టేశాక మళ్లీ చూడాలన్న ధ్యాస ఉండదు. మూడో తొట్టి మాత్రం ఇంకా పని మిగిలే ఉందని ప్రతిరోజూ గుర్తుచేస్తుంది. పిల్లలు పెట్టించే ప్రతి ఇంట్లో దానికి చోటు ఇవ్వడం కనీస బాధ్యత. షాపువాళ్లు కూడా చేపల జంటను అమ్మేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పి పంపితే, ఎన్నో చెరువులు తమకు అక్కర్లేని అతిథుల నుంచి తప్పించుకుంటాయి.